పేరు లేని పూట

కాలిమ్నో దీవిలో నది లేదు. వంశధార ఇక్కడ సముద్రంలో కలుస్తుందని ఎంత గట్టిగా తెలుసో, అక్కడ నది లేదని కూడా బుల్లమ్మకు ఇప్పుడు అంత గట్టిగా తెలుసు. అక్కడ కొండలు మూడు వరసలు. వాటి మీద పచ్చిక నిలవదు. మేకలు రాళ్ల సందుల్లో వెతుక్కుని బతుకుతాయి. వాన పడితే ఇంటికప్పు మీది నీళ్లన్నీ ఇంటి కింద తవ్విన గోతిలోకి దిగుతాయి. ఏడాది పొడుగునా అవే తాగాలి. రేవు చుట్టూ ఇళ్లు ఒకదాని నెత్తిన ఒకటి మెట్లమెట్లుగా ఉంటాయి. గోడలకు నీలం, తెలుపు రంగులు. ఇటలీ దొరల ఏలుబడిలో తమ గ్రీకు జెండా ఎగరేయనివ్వకపోతే, జనం ఆ జెండా రంగుల్నే గోడలకు పూసేశారట.

అదంతా ఆమె చూసింది కాదు. దాలయ్య చెప్పగా విన్నది. అతను ఆమెకు చెప్పిందీ కాదు. పొద్దువాటారే వేళ పడవల పాక ముందు చేరిన జనానికి అతను చెబుతూంటే, ఆమె అవతల ఇసుకలో ఆరేసిన నెత్తళ్లను, ఆ చిన్న చేపలను, తిరగేస్తూ వినేది. ఒకసారి తిరగేసిన వాటినే మళ్లీ తిరగేసేది.

"నది నేదు, ఇసక నేదు, గడ్డి నేదు," అన్నాడు లక్ష్ముడు. అతను దాలయ్యకు చిన్నాన్న కొడుకు, నోరు ఊరుకోని మనిషి. "మరి ఏటున్నాదిరా దీవోడా, ఆ రాతి ముక్క మీద? సూడ్డానికి ఎవుడైనా ఎల్తాడా?"

"కోటున్నాది. కొండ నెత్తిన," అన్నాడు దాలయ్య. "సంద్రపు దొంగలొస్తే ఊరూరంతా మేకల్తో సహా దాన్లోకెల్లిపోయి తలుపేసుకునీవోరట. ఇప్పుడు మనుసుల్నేరు. సిన్న సిన్న గుడులున్నాయి. ఆడోలు ఎక్కెల్లి దీపాలెట్టి వొస్తారు. ఇంకో పక్కన సంద్రం కొండల మద్దిలోకి ఏలు దూర్సినట్టు దూరిపోతాది. ఆ సివర్న లోయ. అదొక్కటే పచ్చగుంటాది. నారింజ తోటలు. గాలి ఇటు మల్లితే పడవలో ఉన్నోడికి వాసనొస్తాది."

"మునిగిపోయిన ఊరు సంగతి సెప్పు," అన్నారెవరో.

"ఎప్పుడో, తాతల తాతల ముందు, బూమదిరింది. దీవి రెండు ముక్కలైపోనాది. మద్దిలో ఉన్న ఊరు అడుక్కెల్లిపోనాది. ఆ సిన్న ముక్క మీద కొండ పడుకున్న ఆడమనిసినాగుంటాది. గాలి నేనినాడు పడవలోంచి కిందకి సూత్తే గోడలగుపిస్తాయి..."

గుమ్మాల్లోంచి సేపలు ఎల్తాయి, వొస్తాయి, అనుకుంది బుల్లమ్మ.

"గుమ్మాల్లోంచి సేపలు ఎల్తాయి, వొస్తాయి," అన్నాడు దాలయ్య.

ఒక్క మాట తేడా లేదు. అదే ఆమెను కుదురుగా ఉండనివ్వడం లేదు. నిజంగా గుర్తు తెచ్చుకుని చెప్పేవాడు ఒకరోజు ఒకటి మరచిపోతాడు, ఇంకోరోజు ఇంకొకటి కలుపుతాడు. ఇతను మాటల్ని గోడలా పేర్చుకుని, ఆ గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. గోడవతల ఏముందో ఆమెకు తెలియదు.

అతన్ని దాలయ్య అని ఎవరూ పిలవకూడదు. ఆ పేరు గలవాడు చనిపోయాడు.

యుద్ధం నడుస్తుండగా కలకత్తా పోయి ఓడలో ఖలాసీగా చేరాడు దాలయ్య. గ్రీకు దేశపు సముద్రంలో ఆ ఓడ మునిగిందనీ, మనుషులెవరూ దక్కలేదనీ కంపెనీ వాళ్ల తంతి వచ్చింది. వాడబలిజల కులపెద్ద సూరయ్య కొన్నాళ్లు ఆగి చూశాడు. ఆ తరవాత శవం దొరకనివాళ్లకు చేసినట్టే మోదుగాకులతో మనిషి బొమ్మను కట్టి, ఒడ్డున దహనం చేయించి, దినకార్యం జరిపించాడు. బుల్లమ్మ గాజులు రాతి మీద పెట్టి పగలగొట్టారు. దాలయ్య తల్లి మరిడమ్మ ఆ ఏటి వానలు చూడకుండానే పోయింది.

అలాంటివాడు మొన్న శివరాత్రి వెళ్లాక, శ్రీకాకుళం దారిన, భుజాన చిన్న మూటతో నడుచుకుంటూ వచ్చాడు.

దినం చేయించుకున్నవాడు తిరిగొస్తే తిన్నగా ఇంట్లోకి రాకూడదు. మళ్లీ పుట్టాలి. స్నానం చేయించి, కొత్త గుడ్డలో చుట్టి, తల్లి ఒడిలో పసిబిడ్డలా పడుకోబెట్టి, చెవిలో కొత్త పేరు చెప్పాలి. ఆ మీదట కట్టుకున్నదానికే మళ్లీ తాళి కట్టాలి. అందాకా అతను బతికినవాడూ కాదు, చచ్చినవాడూ కాదు. పడవెక్కకూడదు, వల ముట్టుకోకూడదు. పాకలో పడుకోవాలి, దూరంగా పెట్టిన ఆకులో తినాలి. ఎవరైనా పిలవాల్సి వస్తే, దీవి కబుర్లు చెబుతాడు గనక, దీవోడా అంటున్నారు.

"లచ్చివారం పెట్టేసేనర్రా," అన్నాడు సూరయ్య, కర్ర ఇసుకలో గుచ్చి. "అమ్మ నేదు గాబట్టి పెద్దమ్మ వొల్లో ఎడతాం. ఏటే దేముడమ్మా, మొయ్యగలవా?"

దేముడమ్మ మరిడమ్మకు అక్క. దవడలు లోపలికి పోయిన ముసలిది. "పుట్టినప్పుడు మొయ్యనేదేటి? అప్పుడు ఇంతే ఉండీవోడు," అని చేతులు చాపి చూపింది. "ఇప్పుడు గెడ్డంతో పుడతన్నాడు. పాలడక్కపోతే సాలు."

అందరూ నవ్వారు. దాలయ్య కూడా నవ్వాడు. సూరయ్య కళ్లు మాత్రం అవతల ఉన్న బుల్లమ్మ మీదికి పోయాయి. "ఒలే బుల్లీ, నీకిట్టమే గదా? ఆనాడు అందరి ముందరా అడుగుతాను. నోరిప్పి సెప్పాలి."

ఆమె బుట్ట నెత్తికెత్తుకుని, "ఆనాడడుగు తాతా, ఆనాడే సెప్తాను," అంది.

దారిలో ఆమె నడక తనకే నచ్చలేదు. వేగంగా పోవడానికి ఇంట్లో పనేమీ లేదు. నెమ్మదిగా పోదామంటే కాళ్లు ఆగడం లేదు. ఇంటి దాకా వెళ్లి, గొళ్లెం పట్టుకుని, మళ్లీ ఒడ్డు దాకా వచ్చి, ఎందుకొచ్చిందో తెలియక తిరిగి వెళ్లింది.

ఒక సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అతను రోడ్డు మీద కనిపించిన పూట, ఆమె ఎండు చేపల బుట్టకు గోనెపట్టా కుడుతోంది. తలెత్తి చూసింది. ఆ నడక గుర్తుపట్టింది. అప్పుడు ఆమె లోపల పుట్టిన మొదటి మాట 'వొచ్చేడు' అని కాదు, 'ఇప్పుడా?' అని. తరవాత ఏడ్చింది, పరుగెత్తింది, అందరిలాగే అరిచింది. కానీ ఆ మొదటి మాట లోపలే ఉండిపోయింది, ముల్లు విరిగి అరికాల్లో మిగిలినట్టు. అతని కోసం ఏడవాల్సిందంతా ఆమె ఏడ్చేసింది. సంతలకు తిరగడం నేర్చుకుంది, బేరం నేర్చుకుంది, చాప మధ్యలో పడుకోవడం నేర్చుకుంది. మారుమనువుకు లక్ష్ముడు అడిగించినప్పుడు వద్దంది. ఎందుకు వద్దందో అప్పుడు తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆమెకు తెలిసిన మొగుడు మోదుగాకులతో కాలిపోయాడు. ఈ వచ్చినవాడికి అతని మొహం, అతని నడక ఉన్నాయి. కళ్లు మాత్రం పడమటి దిక్కు చూస్తున్నాయి. సముద్రం తూర్పున ఉంటే పడవలవాడు పడమర ఎందుకు చూస్తాడు?

మర్నాడు ఆకులో అన్నం, చేపల పులుసు పట్టుకుని పాక దగ్గరికి వెళ్లింది. చేతికి చేయి తగలకూడదు గనక కింద పెట్టి దూరంగా కూర్చుంది.

"అక్కడ ఏటి తినీవోడివి?" అంది. 'మావా' అనాల్సిన చోట మాట ఆపేసింది. మొగుడు కానివాణ్ణి అలా పిలవకూడదు.

"రొట్టె. ఒకోపాలి అదీ నేదు. జరమనోలున్నప్పుడు దీవంతా కరువే. కొండ మీద ఆకులు కోసుకొచ్చి ఉడకెట్టీవోరు."

"ఎవురు ఉడకెట్టీవోరు?"

ముద్ద అతని నోటి దగ్గర ఆగింది. "కోటకెల్లే దార్లో ఓ ముల్లాకు దొరుకుతాది..." అని మొదలుపెట్టాడు.

"కోట నాకు తెలుసు. ఎవురు ఉడకెట్టీవోరు?"

అతను ముద్దను ఆకులో పెట్టేశాడు. "గాలి మారింది," అన్నాడు సముద్రంకేసి చూసి.

గాలి మారలేదు.

ఆమెకు అర్థమైపోయింది. ఒక ఆడది. తెల్లగా ఉంటుంది. నారింజ తోటలో తిరుగుతుంది. ఇంకా ఏముంటాయో ఊహించుకుని, ఒక్కొక్కటే అతికించి, ఆ ఆడదానికి ఒక మొహం తయారుచేసుకుంది. ఆ తరవాత తనకు తనే న్యాయం చెప్పుకుంది: చచ్చిపోయిన మొగుడు ఎవతెతో ఉంటే నాకేం? నేను ముండమోసినదాన్ని, వాడు బూడిదైనవాడు. న్యాయం బాగానే ఉంది. గుండె మాత్రం వినలేదు. నెత్తళ్లు ఎండాయో లేదో నోట్లో వేసుకుని చూస్తే ఉప్పదనం తెలియలేదు.

పుట్టేవాడికి కొత్త గుడ్డ కావాలి. కంట్రోలు రోజులు. బజారులో ధర్మారావు కొట్లో తప్ప తెల్ల గుడ్డ దొరకదు. బుల్లమ్మ సంతకు వెళ్తూ ఆగింది. ధర్మారావు తూకం వదిలేసి, లోపలినుంచి తన కొడుకు బడికి తీసుకుపోయే పటాల పుస్తకం తెచ్చాడు.

"బుల్లమ్మా, నీ మొగుడి దీవి కోసం రెండ్రోజులుగా వెతుకుతున్నాను."

"మొగుడు కాడు బాబూ, ఇంకా."

"సరే, ఆ దీవోడిదే. ఇదిగో గ్రీసు. ఇదిగో తురక దేశం. మధ్యలో సముద్రం నిండా ఆవాలు చల్లినట్టున్నాయి. నీ కాలిమ్నో మాత్రం లేదు. ఉందో, ఈ ఈగ పెంట కింద పడిందో!"

ఆమె వంగి చూసింది. నీలం మీద నల్లటి చుక్కలు. దీవి లేకపోవడం చూసి ఆమెకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. మరుక్షణమే భయమేసింది. పటంలో లేని చోటు మనిషి లోపల ఉంటే, దాన్ని ఎక్కడ పట్టుకుని బయటికి లాగడం?

లక్ష్మివారం పొద్దున్నే ఒడ్డంతా జనం. ఆ పూట పడవలు దిగలేదు. దాలయ్యకు గెడ్డం గీసి, వంశధార నీళ్లూ సముద్రపు నీళ్లూ కలిపి నెత్తిన పోశారు. కట్టుగుడ్డ కూడా తీసేసి, కొత్త తెల్ల గుడ్డలో మెడ దాకా చుట్టారు. ఇసుకలో పరిచిన చాప మీద దేముడమ్మ కాళ్లు చాపుకు కూర్చుంది. అంత మనిషినీ ఆమె ఒడిలో ముడుచుకుని పడుకోమన్నారు.

"కాల్లు లోనెట్టరా! ఏ గుంటడైనా కాల్లు బైటెట్టి పుడతాడేటి?" అన్నాడు లక్ష్ముడు.

"ఎదురుకాల్లోడు గావాల. మంత్రసాన్ని పిలండర్రా!"

"ఏడవమను, ఏడవమను! ఏడకపోతే బతికినట్టు కాదు."

ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. బుల్లమ్మ కొత్త కోకలో, వట్టి చేతులతో, గాజుల పళ్లెం పట్టుకున్న ముత్తయిదువల పక్కన నిలబడింది. సూరయ్య ఉగ్గుగిన్నె అందించాడు. దేముడమ్మ వేలు పాలలో ముంచి అతని పెదవులకు రాసింది. రాసి, అందాకా నవ్వుతున్న ముసలిదే, ఒక్కసారి గొంతు మార్చింది.

"వొచ్చేవా నా కొడకా," అంది, చెల్లెలి గొంతుతో అన్నట్టు. "నా కొడకా, ఎంత సేపటికొచ్చేవురా."

దాలయ్య లేచి కూర్చున్నాడు. లేచి నిలబడ్డాడు. చుట్టిన గుడ్డను రెండు చేతులా పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, నీళ్ల దాకా నడిచి, అల విరిగే చోట కూలబడ్డాడు.

ఒడ్డు మీద నవ్వు ఆగిపోయింది.

"సగం పుట్టి ఎల్లిపోడమేటర్రా?" అన్నాడు సూరయ్య. "ముహూర్తం దాటిపోతాది. ఎవురైనా ఎల్లి తెండి."

ఎవరూ కదల్లేదు. సగం పుట్టినవాణ్ణి ముట్టుకోవచ్చో కూడదో ఎవరికీ తెలియదు. బుల్లమ్మ వెళ్లింది. బారెడు దూరంలో తడి ఇసుక మీద కూర్చుంది.

"ఏటైనాది?"

అతను గుడ్డను భుజాల మీదికి లాక్కున్నాడు. "నాను పుట్టీసేను బుల్లీ. ఒకపాలి పుట్టీసేను. ఒకడు రెండుపాల్లు ఎలగ పుడతాడు?"

ఆ గొంతు పాక ముందు వినిపించే గొంతు కాదు. మాటలు అడ్డదిడ్డంగా, ముందువి వెనక, వెనకవి ముందు వచ్చాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే ఏరుకుంది.

ఓడ మునిగాక అతన్ని నీళ్లలోంచి తీసింది స్పాంజి తీసేవాళ్ల పడవ. పలక తుడిచే స్పాంజి సముద్రం అడుగున రాళ్లకు పెరుగుతుంది. ఆ దీవి మగవాళ్లు బరువైన బండరాయి పట్టుకుని దానికోసం దిగుతారు. వసంతంలో పెద్ద పండగ చేసుకుని ఎక్కడో ఆఫ్రికా దాకా పడవల మీద పోతారు, చలికి ముందు వస్తారు. కొందరు కాళ్లు పడిపోయి వస్తారు. కొందరు రారు. ఇరీని అనే ముసలమ్మ కొడుకు యాన్నీ, యుద్ధానికి ముందే, అలా రానివాడు. అక్కడి ఇసుకలోనే పాతేశారని తోటివాళ్లు చెప్పారు గానీ ఆమె నమ్మలేదు. ఓడ చమురుతో నల్లగా ఉన్న దాలయ్యను ఆ ముసలమ్మ ఇంట్లో పడేశారు. ఆమె వేన్నీళ్లతో కడిగింది. ఉన్ని దుప్పటిలో చుట్టింది. తల ఒళ్లో పెట్టుకుని మేకపాలు చెంచాతో పోసింది.

జర్మన్లు వచ్చి ఇంటింటా మనుషుల్ని లెక్క చూసినప్పుడు, కొడుకు చొక్కా ఇతనికి తొడిగి, నా కొడుకే అంది. లోతుకు దిగీ దిగీ చెవులూ నోరూ పోయాయని చెప్పింది. ఊరంతటికీ తెలుసు. ఒక్కరూ బయటపెట్టలేదు. జర్మన్లు ఉన్నన్నాళ్లూ అతను గడప దాటితే మూగవాడు. గడప లోపల అతను తెలుగులో మాట్లాడేవాడు, ఆమె ఆమె భాషలో మాట్లాడేది.

"ఎలగ తెలిసీది మీకు?"

"తిన్నావా అంటే తెల్దేటి, ఏ బాసైనా?" అన్నాడు. "ముందు అబద్దమే బుల్లీ. జరమనోల కోసరం. ఆలు ఎల్లిపోయినాక కూడా యాన్నీ అనే పిలిసింది. నాను... పలికేను."

ఆ పైన ఇంగ్లీషువాళ్ల ఓడ వచ్చింది. రేవులో దొర పేరడిగితే దాలయ్య అని చెప్పాడు. ఎన్నాళ్లకో ఆ మాట బయటికి వచ్చేసరికి తన గొంతు తనకే కొత్తగా ఉందట. వెనక్కి చూస్తే ముసలమ్మ ఇంటికప్పు మీద ఉంది. వానలకు ముందు, గోతిలోకి చెత్త పోకుండా, కప్పు తుడుస్తారు. చీపురు పైకెత్తి ఊపింది. చేపలకు పోతున్నాడనుకుంది.

"ఏటీ సెప్పనేదు," అన్నాడు దాలయ్య. "మూగోడినాగే వొచ్చీసేను. ఈపాటికి కోట కాడికెక్కి దీపమెట్టుంటాది. రెండోపాలి."

బుల్లమ్మకు మొదట గుండెల మీది బరువు దిగింది. తెల్లటి పడుచుది కాదు, ముసలమ్మ. కానీ దిగిన బరువు వెంటనే ఇంకో వైపునుంచి ఎక్కింది. పడుచుదాన్నయితే తిట్టుకోవచ్చు, శాపనార్థాలు పెట్టవచ్చు. ఈమెను ఏమనగలదు? ఒడ్డున నిలబడి, కంటికి చేయి అడ్డం పెట్టుకుని, కనిపించిన ప్రతి తెరచాపనూ తనదేననుకునే ఆ మనిషిని బుల్లమ్మ ఎరుగును. ఆ నిలబడటంలో ఏ కాలు ముందు తిమ్మిరెక్కుతుందో కూడా ఎరుగును.

"నాను సచ్చిపోనానని రాయించీనా?" అన్నాడతను. "అక్కడ ఇంగిలీసు దొరలున్నారు, సదివి సెప్తారు. ఒకపాలి ఏడ్సి ఊరుకుంటాది."

"నాకలగే సెప్పేరు," అంది బుల్లమ్మ.

అతను తలెత్తాడు.

"తంతి వొచ్చింది. ఏడ్సేను. ఊరుకున్నాను. నిద్దర కూడా పట్టీది, అబద్దమెందుకు. ఇప్పుడు నా మొకం సూడు. నువ్వొచ్చినా నాకు తెల్లారనేదు." ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "ఆవిడకా పని సెయ్యకు. బతికున్నానని రాయించు. రానని రాయించు. రెండూ."

"బతికున్నానని రాయిస్తాను."

"రానని?"

అల వచ్చి తెల్ల గుడ్డ అంచును తడిపి పోయింది.

"ఆ మాట రాసీసేననుకో," అన్నాడు చివరికి, "మరి ఎల్లడానికుండదు."

"అదే అడుగుతన్నాను," అంది బుల్లమ్మ. "సూరయ్య తాత నన్నడుగుతాడు ఇట్టమేనా అని. నిన్నెవుడూ అడగనేదు. నాను అడుగుతన్నాను."

అవతల జనం గొణుగుతున్నారు. ఎవరో పిల్ల ఏడుస్తోంది. దాలయ్య రెండు చేతులా ఇసుక తీసి, వేళ్ల సందుల్లోంచి కారిపోనిచ్చి, మళ్లీ తీశాడు. ఆమె తొందరపెట్టలేదు. అతను వద్దంటే ఈ పూటే తన చాప మధ్యలో తను పడుకోవచ్చు. అందులో కష్టమేమీ లేదు. కష్టం లేదని తెలిసే కొద్దీ, అతను ఏమంటాడో వినాలన్న ఆత్రం పెరిగింది.

"పద, దర్మారావు కొట్టుకి," అన్నాడతను, లేస్తూ. "నువ్వూ రా. ఒక్కడినే అయితే కోట కబుర్లు సెప్పి వొచ్చీగలను."

బుల్లమ్మ జనం దగ్గరికి వచ్చి, ముందు దీవికి కబురు, తరవాత తాళి అంది.

"పుట్టకుండానే పోస్టుకెల్తాడటేటే!" అన్నాడు సూరయ్య. "మా తాతల్నాడు ఇన్నావా ఇలాటిది?"

"తాతల్నాడు సచ్చినోడు తిరిగొచ్చేడేటి, అడగడానికి?" అంది దేముడమ్మ చాప మీదినుంచి. "ఎల్లి రానీండర్రా. ఈలోగా నాను కాల్లు సాపుకుంటాను. పురుడంటే మాటలా?"

తెల్ల గుడ్డ చుట్టుకున్న మనిషి బజారు నడిమధ్య నడిచి వస్తుంటే కొట్ల ముందు కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఒకడు దండం కూడా పెట్టాడు. ధర్మారావు చేతిలోంచి జారి పడిపోయిన సేరు డబ్బాను బుల్లమ్మే తీసి బల్ల మీద పెట్టి, పని చెప్పింది. అతను గుండె చిక్కబట్టుకుని కాగితం, కలం తీశాడు. కాలిమ్నో దీవిలోని ఇంగ్లీషు అధికారికి, ఇరీని అనే ముసలమ్మకు చదివి వినిపించవలెనని పైన రాసుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు."

దాలయ్య నిలబడే చెప్పాడు. "అమ్మా. నాను బతికున్నాను. మా ఊరొచ్చీసేను." ఆగాడు. బుల్లమ్మ అతనివైపు చూడలేదు. గోడకు వేలాడుతున్న తాళ్ల చుట్టల్ని చూస్తూ నిలబడింది. "మా ఇంటిదున్నాది ఇక్కడ." మళ్లీ ఆగాడు. కలం కాగితం మీద ఎదురుచూసింది. "నాను మరి రాను. నా కోసరం కోటెక్కకు. మోకాల్లు నెప్పి నీకు."

ధర్మారావు ఇంగ్లీషులో రాసి, కలం ఆపి, కళ్లజోడు పైనుంచి చూశాడు. "కింద ఏ పేరు పెట్టను?"

దాలయ్య మోదుగాకులతో కాలిపోయాడు. ఆ ముసలమ్మ ఎన్నడూ ఆ పేరు ఎరగదు. దేముడమ్మ చెవిలో చెప్పాల్సిన పేరు ఇంకా సూరయ్య నోట్లోనే ఉంది. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు, పేరు లేదు.

"ఆవిడెలగ పిలిసీదో అదే రాయండి బాబూ," అంది బుల్లమ్మ. "ఈ పూట ఇంకే పేరూ నేదు. తరవాత మా పేరేదో మేమెట్టుకుంటాం." అతనివైపు తిరిగింది. "సెప్పు. ఆవిడ పిలిసినట్టే సెప్పు."

అతను గోడవైపు తిరిగాడు. "యాన్నీ మూ," అన్నాడు. ఆ భాషలో, నా యాన్నీ అని. ముసలి గొంతుతో, చివర సాగదీసి, కప్పు మీదినుంచి రేవులోకి కేక వేసినట్టు. దీవి కబుర్లన్నిటిలోనూ అంతవరకు అతను చెప్పని మాట అదొక్కటే.

ధర్మారావు ఆ రెండు ముక్కలూ రాసి, కాగితం మడిచాడు.

వాళ్లిద్దరూ తిరిగి ఒడ్డుకు వచ్చేసరికి ఎండ ఎక్కింది. దాలయ్య ఎవరూ చెప్పకుండానే వెళ్లి దేముడమ్మ ఒడిలో కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. ఈసారి ఎవరూ ఎగతాళి చేయలేదు. ముసలిది వంగి చెవిలో పేరు చెబుతూంటే సూరయ్య బుల్లమ్మవైపు తిరిగి, గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా అడిగాడు.

"ఇట్టమే," అంది ఆమె.

అంటూనే ఆమె కళ్లు పడమటి దిక్కుకు పోయాయి. అక్కడ కనిపించేవి ఊరి ఇళ్లూ, దూరంగా కొండలూ. ఉత్తరం ఎన్నాళ్లకు చేరుతుందో, చేరేనాటికి అక్కడ వానలు మొదలవుతాయో లేదో, చదివి చెప్పే దొర మంచివాడో కాదో. అది చేరేదాకా ఆ ముసలమ్మ కొండెక్కుతూనే ఉంటుంది, మోకాళ్ల నెప్పితో. ఇకనుంచి ఇటువైపునుంచి తానూ ఎదురుచూడాలి, పలుకు తెలియని మనిషి కబురు కోసం, తెరచాప కూడా రాని దిక్కున.

"సెయ్యట్టవే బుల్లీ," అన్నారు గాజుల పళ్లెం పట్టుకున్నవాళ్లు.

ఆమె రెండు చేతులూ చూసుకుంది. ఏ చెయ్యి ముందు చాపాలో ఒక్క క్షణం గుర్తు రాలేదు.